ఆస్క్విత్ ఉత్తరాలను చరిత్రకు సాక్ష్యంగా తీసుకోవచ్చా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను, తర్వాత చదివేవాళ్లకు ఉపయోగం. మీరు హైదరాబాద్‌లో చరిత్రలో ఎం.ఏ. చేసి పీహెచ్‌డీకి సినాప్సిస్ రాసుకుంటున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తొలి నెలల్లో బ్రిటన్ ప్రధాని హెచ్. హెచ్. ఆస్క్విత్ వెనీషియా స్టాన్లీ అనే యువతికి రాసిన ఉత్తరాలను అంశంగా తీసుకుంటానంటే మీ గైడ్ "ప్రేమలేఖలతో చరిత్ర ఏం రాస్తావమ్మా" అన్నారు. మీ సందేహాలు మూడు. ఈ ఉత్తరాలను ఆధారంగా ఎంతవరకు నమ్మొచ్చు? రోజుకు రెండు మూడు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే ఆయన యుద్ధం ఎప్పుడు నడిపాడు? 1915 మేలో లిబరల్ ప్రభుత్వం పోవడానికి ఆమె పెళ్లి కబురే కారణమా?

మీ గైడ్ అన్నదాంట్లో సగం నిజం. అవి ప్రేమలేఖలే, సందేహం లేదు. పెళ్లయి పిల్లలున్న, అరవై దాటిన ప్రధాని తన కూతురు వయొలెట్ స్నేహితురాలికి, తనకన్నా దాదాపు 35 ఏళ్లు చిన్నదానికి రాసుకున్నవి. దాదాపు 560 ఉత్తరాలు, మొత్తం 3 లక్షల మాటల దాకా ఉంటాయి. ఎక్కువ భాగం 1914, 1915లవే. ఇంత ప్రేమ మధ్యలో రాజ్యం సంగతులు ఎక్కడున్నాయని ఎవరైనా అడుగుతారు.

దానికి జవాబు ఆ కాలపు కార్యాలయ పద్ధతిలో ఉంది. 1916 డిసెంబరు దాకా బ్రిటిష్ కేబినెట్‌కు మినిట్స్ లేవు. సచివాలయంలో నోట్ ఫైళ్లు, డ్రాఫ్టులు, ఆఫీసు కాపీలు చూసి అలవాటైన మనకు ఇది నమ్మబుద్ధి కాదు గానీ నిజం. ఇరవై మంది మంత్రులు బల్ల చుట్టూ కూర్చుని సామ్రాజ్యం గురించి తేల్చేవారు, ఆ గదిలో రాసుకునే గుమాస్తా ఒక్కడూ ఉండేవాడు కాదు. సమావేశం ముగిశాక ప్రధాని తన చేత్తో రాజుకు ఒక ఉత్తరం రాయడం ఆనవాయితీ. దాని నకలే రికార్డు. లాయిడ్ జార్జ్ ప్రధాని అయ్యాక మారిస్ హాంకీ కింద సెక్రటేరియట్ పెట్టడంతో ఈ పద్ధతి మారింది. 1914 నవంబరులో మొదలైన వార్ కౌన్సిల్‌కు (యుద్ధం నడపడానికి కొద్దిమంది మంత్రులతో పెట్టిన సంఘం) హాంకీ రాసుకున్న నోట్సు ఉన్నాయి, కేబినెట్‌కు అదీ లేదు.

అంటే ఆస్క్విత్ హయాంలో మీ చేతికి దొరికే ప్రధాన కాగితాలు ఇవి: రాజుకు రాసిన మర్యాద ఉత్తరం, మంత్రులు ఎవరి మటుకు వాళ్లు రాసుకున్న డైరీలు, ఈ ప్రేమలేఖలు. రాజుకు రాసిన దాంట్లో "మంత్రులు చర్చించారు, నిర్ణయించారు" అని ఉంటుంది. వెనీషియాకు రాసిన దాంట్లో ఎవరు కోప్పడ్డారో, ఎవరు రాజీనామా చేస్తామన్నారో, ఎవరి వాగుడు భరించలేకపోయాడో ఉంటుంది. మీ గైడ్‌కు ముందు ఈ సంగతి చెప్పండి. ఈ ఉత్తరాలు వద్దనుకుంటే ఆ స్థానంలో పెట్టడానికి మరో కాగితం లేదు.

ఇక నమ్మకం సంగతి. చాలా ఏళ్లు రీసెర్చ్ పిల్లలతో కూర్చుని పాత ఉత్తరాల కట్టలు చదివించినవాడిగా నాకొక గట్టి అభిప్రాయం ఉంది. సొంత ఉత్తరం ఆ పూట మనిషికి ఏం తెలుసో, ఏం అనిపించిందో బాగా చెబుతుంది. ఆ పని ఎందుకు చేశాడో మాత్రం సరిగా చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసిన థీసిస్‌లే ఎక్కువ.

ఉదాహరణకు 1914 జులై 24 నాటి ఉత్తరం తీసుకోండి. ఆ రోజు కేబినెట్ కూర్చున్నది ఐర్లండ్ కోసం. ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇస్తే ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌లో ఏ తాలూకాలు ఎటు పోవాలన్న పేచీ తేలక బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో పెట్టిన రాజీ సమావేశం అప్పుడే విఫలమైంది. ఫెర్మనా, టైరోన్ జిల్లాల మ్యాపు మీద తలలు పట్టుకుని కూర్చున్న వేళ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రే, సెర్బియాకు ఆస్ట్రియా పంపిన నోటు చదివి వినిపించాడు. ఆ సాయంత్రం ఆస్క్విత్ వెనీషియాకు రాసిన సారం ఇది: యూరప్‌లో మహాసంగ్రామం ఊహకు అందేంత దగ్గరికి వచ్చేసింది, అదృష్టం కొద్దీ మనం ప్రేక్షకులుగా ఉంటే సరిపోయేలా ఉంది. పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 4న, అదే మనిషి ప్రభుత్వం జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది.

యుద్ధం అయ్యాక రాసిన ఆత్మకథల్లో ఏ మంత్రీ "నేను ప్రేక్షకుడిగా ఉండిపోతాననుకున్నాను" అని ఒప్పుకోడు. అందరూ ముందే పసిగట్టినవాళ్లే. ఈ ఉత్తరం విలువ అక్కడుంది. ముగింపు తెలియకుండా రాసిన మాట అది. ఆ మాట తప్పయింది కాబట్టే మనకు పనికొస్తుంది.

ఆగస్టు 1 నాటిది ఇంకా విచిత్రం. ఆ శనివారం ఆయన ఆంగ్లెసీలో ఉన్న వెనీషియా వాళ్ల ఇంటికి వెళ్లాల్సింది. కుదరలేదు. జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించిన రోజది. ప్రధాని మాత్రం ఇంతకన్నా చేదైన నిరాశ నా బతుకులో లేదని రాశాడు, తన ప్రయాణం ఆగిపోయినందుకు! దీన్ని చూపించి "చూశారా, దేశం తగలబడుతుంటే ఈయన గోల ఇది" అని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. తొందరపడకండి, మర్నాడు ఉత్తరం చదవండి.

ఆగస్టు 2, ఆదివారం. పొద్దున టిఫిన్ దగ్గర ఉండగానే జర్మన్ రాయబారి లిఖ్నోవ్‌స్కీ వచ్చాడు. ఫ్రాన్స్ పక్షాన చేరొద్దని బతిమాలుకున్నాడు, ఏడ్చేశాడు. తర్వాత పదకొండు నుంచి రెండు దాకా కేబినెట్. మంత్రివర్గం చీలే అంచున ఉంది. అదంతా వెనీషియాకు చెప్పి, నా మట్టుకు నాకు మంచీ చెడూ స్పష్టంగానే ఉన్నాయంటూ ఆరు అంశాలు వరుసగా రాశాడు. ఫ్రాన్స్‌కు గానీ రష్యాకు గానీ సైన్యం పంపి తీరాలన్న ఒప్పందమేదీ మనకు లేదు. ఇప్పటికిప్పుడు ఫ్రాన్స్‌కు దండు పంపడమన్నది లేదు, పంపినా ప్రయోజనం లేదు. ఫ్రాన్స్‌తో ఉన్న పాత చెలిమిని మరవకూడదు. ఫ్రాన్స్ పెద్ద రాజ్యంగా లేకుండా పోవడం మనకు మంచిది కాదు. ఇంగ్లిష్ చానెల్‌ను జర్మనీ మన మీదికి స్థావరంగా వాడుకుంటే ఊరుకోలేం. చివరిది, బెల్జియం స్వాతంత్ర్యం పట్ల మనకు బాధ్యత ఉంది.

ఇది ప్రేమలేఖలో ఉంది. ఇంత పొందికగా ఆ ఆదివారం ఆయన మనసును చూపించే కాగితం మరొకటి నేను చూడలేదు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. ఆయన ఉత్తరాలు రాసి పని చెడగొట్టుకున్నాడనుకోను. చుట్టూ ఉన్న ప్రతివాడికీ ఏదో ఒక స్వార్థం ఉన్న చోట, పదవి అడగని ఒక మనిషికి చెప్పుకుంటూ తన లెక్క తాను సరిచూసుకున్నాడు. కేబినెట్ బల్ల దగ్గరా, వార్ కౌన్సిల్‌లోనూ మంత్రులు మాట్లాడుతుండగా తల వంచుకుని రాసిన ఉత్తరాలు ఉన్నాయి. అది చూసిన సహచరులకు ఆయన శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నట్టే అనిపించి ఉంటుంది. సహచరులకు తెలివిని బట్టి, పరీక్షల్లో లాగా, ర్యాంకులు వేసి ఆమెకు పంపాడు కూడా. అందులో మొదటి ర్యాంకు ఇండియా మంత్రి లార్డ్ క్రూకి. మన దేశాన్ని లండన్ నుంచి చూసే మనిషి అన్నమాట.

అయితే చివరి దాకా వకాల్తా పుచ్చుకోను. క్షమించరానిది ఒకటుంది, రహస్యాల విషయం. యుద్ధభూమి నుంచి, రాయబార కార్యాలయాల నుంచి వచ్చిన టెలిగ్రాముల అసలు కాగితాలనే కవర్లో పెట్టి పంపేవాడు. శుక్రవారాలు కార్లో షికారుకు తీసుకెళ్లినప్పుడు చూపించి, ఉండ చుట్టి కిటికీలోంచి పారేసేవాడు. అవి దారిన పోయేవాళ్లకు దొరికి పోలీసుల దాకా వెళ్లాయి. టర్కీ దగ్గరి డార్డనెల్స్ జలసంధి మీద నౌకాదాడి పథకం లాంటివి మామూలు పెన్నీ పోస్టులో ప్రయాణం చేశాయి. దేశం లోపలి మామూలు టపాను ప్రత్యేక వారంటు లేకుండా ఎవరూ విప్పేవారు కాదు.

ఇక్కడ సికింద్రాబాద్ పేరు తేకుండా ఉండలేను. 1914 శరత్కాలంలో సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్ ఫ్రాన్స్‌లో దిగింది. 20వ డెక్కన్ హార్స్ అందులో భాగం, ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ రిసాలాల వారసత్వం దానిది. ఆ సవార్లు ఇంటికి రాసుకున్న ఉత్తరాలు, ఇంటి నుంచి వాళ్లకు వచ్చినవి, బులోన్‌లో భారతీయ టపా కోసమే పెట్టిన సెన్సార్ ఆఫీసు గుండా పోవాలి. దాని మీద ఈవెలిన్ హోవెల్ అనే ఐసీఎస్ అధికారి ఉండేవాడు. చలి గురించి, చచ్చిపోయిన తోటివాళ్ల గురించి, గుర్రం గురించి రాసిన మాటలు కూడా విప్పి చదివి, ముఖ్యమనిపించినవి ఇంగ్లిష్‌లోకి మార్చి పైకి నివేదికలు పంపేవారు. ఆ నివేదికలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన సవారు "ఇక్కడ బాగా లేదు" అని అమ్మకు రాస్తే అది సెన్సార్ బల్ల మీదికొచ్చింది. ప్రధాని నౌకాదాడి గుట్టు రాస్తే సీల్ ఊడకుండా వెళ్లింది. ఆగస్టు 8న తెచ్చిన దేశరక్షణ చట్టం కింద శత్రువుకు పనికొచ్చే సంగతి బయటపెట్టడం నేరం. ఆ చట్టం చేసిన ప్రభుత్వానికి పెద్ద ఆయనే. ఈ రెండు టపాలను పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాయండి. లండన్‌లో కూర్చున్నవాళ్లకు ఇది తట్టకపోవచ్చు, మీకు తట్టాలి.

సాక్ష్యంగా వాడేటప్పుడు జాగ్రత్త ఎక్కడ పడాలో కూడా చెబుతాను. ఇది ఒక వైపు ఉత్తరప్రత్యుత్తరం. వెనీషియా ఆయనకు రాసినవి దొరకడం లేదు. అందుకే ఆమె ఏం సలహా ఇచ్చిందో, అసలు ఇచ్చిందో లేదో ఆయన మాటల్లోంచి ఊహించాల్సిందే. ప్రేమలో ఉన్నవాడు అవతలి మనిషి తెలివిని ఎక్కువ చేసి చెబుతాడు. "నీ మాట వల్లే నేను ఇలా చేశాను" అని కనిపిస్తే అది విధాన నిర్ణయానికి రుజువు అనుకోకండి, పొగడ్త అనుకోండి. పక్కన రాజుకు రాసిన ఉత్తరం, వార్ కౌన్సిల్ నోట్సు, మరో మంత్రి డైరీ పెట్టి చూశాకే వాక్యం రాయండి. రెండోది, ఆయన ఆమెకు విసుగు పుట్టకూడదని రాసేవాడు. కాబట్టి హాస్యం, వెటకారం పాలు ఎక్కువ. యుద్ధమంత్రి కిచెనర్ గురించి, నౌకాదళ మంత్రి చర్చిల్ గురించి ఒక రోజు పొగిడి రెండు రోజుల్లో ఎగతాళి చేస్తాడు. ఒక్క ఉత్తరం తీసుకుని "ఆస్క్విత్ దృష్టిలో చర్చిల్ ఇలాంటివాడు" అని రాస్తే వైవాలో దొరికిపోతారు.

మూడోది ఆయన సొంత చమత్కారం. చాలా కాలం తర్వాత ఆ ఉత్తరాలను ఆమె దగ్గర అడిగి తీసుకుని, అందులోంచి ముక్కలు ఏరి, 1928లో వచ్చిన తన జ్ఞాపకాల గ్రంథంలో అప్పటికప్పుడు రాసుకున్న నోట్సులా అచ్చు వేయించాడు. ఎవరికి రాశాడో చెప్పలేదు. దాంతో పాత పుస్తకాల్లో ఆ గ్రంథాన్ని ప్రధాని డైరీలా ఉదహరించినవాళ్లు కనిపిస్తారు. వెనీషియా 1948లో పోయాక అసలు ఉత్తరాలు బయటపడ్డాయి. మైఖేల్, ఎలినార్ బ్రాక్ దంపతులు సంపాదకులుగా 1982లో ఎంపిక చేసినవి అచ్చయ్యాయి. మూల ప్రతులు ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. అచ్చు పుస్తకం ఆబిడ్స్ ఆదివారం బజారులో కాళ్లకు తగులుతుందని ఆశ పెట్టుకోకండి (పాత వార్షికోత్సవ సంచికలూ గైడ్లూ కొనుక్కుని ఇంటికొస్తారు), ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో తెప్పించుకోండి.

ఇక మీ మూడో ప్రశ్న, అందరికీ ఇష్టమైన భాగం. 1915 జనవరిలో వెనీషియా లండన్ హాస్పిటల్‌లో నర్సు శిక్షణకు చేరింది. అప్పటికే ఆమె చుట్టూ ఆస్క్విత్ శిష్యుడే ఒకడు తిరుగుతున్నాడు, ఎడ్విన్ మాంటేగు. ఇండియా చరిత్ర చదివినవాళ్లు ఈ పేరు దగ్గర ఆగుతారు. అవును, మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగే. యూదుల పిల్లను చేసుకోకపోతే ఆస్తి దక్కదని ఆయన తండ్రి విల్లు రాసి పోయాడు, అందుకని వెనీషియా మతం మారడానికి ఒప్పుకుంది. మే 12, బుధవారం, ఆమె ఆ కబురు ఆస్క్విత్‌కు తెలిపింది. మామూలుగా పేజీలకు పేజీలు రాసే మనిషి ఆ రోజు రాసింది రెండు మూడు వాక్యాలు: నా గుండె పగిలిందని నీకు తెలుసు, వచ్చి నిన్ను చూడలేను, దేవుడు నిన్ను దీవించాలని, నాకు తోడుండాలని మాత్రం వేడుకోగలను.

ఆ వారంలో జరిగినవి వరుసగా చూడండి. మే 7న లూసిటానియా నౌకను జర్మన్ జలాంతర్గామి ముంచింది. 9న ఫ్రాన్స్‌లో ఆబర్స్ రిడ్జ్ దాడి విఫలం. 12న ఈ ఉత్తరం. 14న టైమ్స్ పత్రికలో తోపు గుండ్ల కొరత వల్లే దాడి చెడిందని ఆ పత్రిక యుద్ధ విలేఖరి రెపింగ్టన్ కథనం. 15న నౌకాదళ పెద్ద ఫిషర్, డార్డనెల్స్ విషయంలో చర్చిల్‌తో పడక రాజీనామా. 17న సోమవారం కన్సర్వేటివ్ నాయకుడు బోనార్ లా, అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్‌ను కలవడం, ఇద్దరి మాటా విన్న ఆస్క్విత్ సంకీర్ణానికి సరేననడం. నెలాఖరుకు కొత్త ప్రభుత్వం.

విరహంలో ఉన్న మనిషి పోరాడే ఓపిక లేక పార్టీని వదిలేశాడని కొందరు చరిత్రకారుల వాదన. అంత సరళంగా నేను నమ్మను. ఫిషర్ పోయాక పార్లమెంటులో చర్చ జరిగితే ప్రభుత్వం బతికి బట్టకట్టేది కాదు. దానికితోడు 1911 చట్టం ప్రకారం పార్లమెంటు గడువు ఐదేళ్లు. 1910 డిసెంబరులో ఎన్నికైన సభ కాలం ముగింపుకు వస్తోంది. యుద్ధం మధ్యలో, గుండ్లు లేవన్న అల్లరి మధ్యలో ఎన్నికలకు వెళ్లే ధైర్యం ఏ లిబరల్‌కు ఉంటుంది? ఆమె లేకపోయినా సంకీర్ణం వచ్చేదే. అంత తొందరగా, అంత బేరం లేకుండా ఒప్పుకున్నాడంటే అందులో ఆ బుధవారం పాలు ఎంతో కొంత ఉండొచ్చు. అది ఊహేనని ఆ వాక్యంలోనే రాయండి. ఇంకోటి మరవొద్దు: ఆ వారంలోనే ఆయన ఆమె అక్క సిల్వియా హెన్లీకి అదే తీరున ఉత్తరాలు మొదలుపెట్టాడు. నిర్ణయాలు తీసుకునే శక్తి కోల్పోయిన మనిషి అనేవాళ్లు ఆ కట్ట కూడా చదవాలి.

ఇతర ఉదాహరణలు అడిగారు గనుక రెండే చెబుతాను. 1940 జూన్ 27న క్లెమెంటైన్ చర్చిల్ భర్తకు రాసిన ఉత్తరం ఒకటి. మీరు కింది వాళ్లతో కరుకుగా, వెటకారంగా, పెత్తనంగా మాట్లాడుతున్నారని, అందరికీ దూరమవుతారని మొహాన చెప్పింది. ఒకసారి రాసి చించేసి, మళ్లీ రాసింది. రెండోది లింకన్, 1863 జులై 14న. గెట్టీస్‌బర్గ్ గెలిచాక లీ సైన్యాన్ని తప్పించుకోనిచ్చాడని జనరల్ మీడ్ మీద మండిపడి రాసి, సంతకం పెట్టలేదు, పంపలేదు అని కవరు మీద రాసి దాచాడు. పంపని ఉత్తరాన్ని అంచనా వేసే పద్ధతి వేరు, దాని మీద ప్రత్యేకంగా ప్రశ్న పెట్టండి.

చివరిగా సినాప్సిస్ గురించి. 560 ఉత్తరాలూ తీసుకోకండి, 1914 జులై 24 నుంచి 1915 మే 17 వరకు గీత గీసుకోండి. ఇండియా కోణం కోసం వెతుక్కోనక్కర్లేదు, సంకీర్ణం పేరుతో క్రూ ఇండియా శాఖ వదిలాడు, ఆస్టిన్ చేంబర్లేన్ వచ్చాడు, మెసొపొటేమియా దండయాత్ర వైఫల్యం మీద వచ్చిన నివేదిక దెబ్బకు 1917 జులైలో ఆయన దిగిపోతే ఆ కుర్చీలోకి మాంటేగు వచ్చాడు. ఇండియాకు క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామన్న ఆగస్టు 20 ప్రకటన, ఆ చలికాలంలో ఇండియా పర్యటన, సంస్కరణలకు రూపమిచ్చిన 1919 చట్టం అన్నీ ఆ వరుసలోవే. ఆ పర్యటనలో మాంటేగు రాసుకున్న డైరీని 1930లో అచ్చుకు సిద్ధం చేసింది వెనీషియానే. ఆ పుస్తకాన్ని మీ ఆధారాల పట్టికలో ముందే పెట్టండి, "ఇండియాకు దీంతో ఏం సంబంధం" అని డీఆర్‌సీలో (సినాప్సిస్ పరిశీలించే విభాగ పరిశోధన కమిటీలో) ఎవరూ అడగరు.